కర్రసాముకు వయసు అంటగట్టిందెవరు?

శంషాబాద్ విమానాశ్రయంలో భద్రతా తనిఖీ వరుసలో నిలబడ్డవాళ్లకు ఒక పట్టిక కనిపిస్తుంది. చేతి సంచిలో పట్టుకెళ్లకూడని వస్తువుల పట్టిక అది. కత్తులు, కత్తెరలు సరే. వాటి పక్కనే క్రికెట్ బ్యాటు, హాకీ స్టిక్కు, విల్లు, బాణాలు, లాఠీ లాంటి కర్రలు, నంచాకులు కూడా ఉంటాయి. పౌర విమానయాన భద్రతా విభాగం ఆ జాబితా తయారుచేసినప్పుడు కర్ర ఏ శతాబ్దానిదని ఆరా తీయలేదు, తగిలితే ఏమవుతుందని మాత్రమే చూసింది. దెబ్బ తగులుతుంది కాబట్టి జాబితాలో పెట్టింది. కర్రసాము గురించి ఈ చుట్టుపక్కల ఎవరైనా సూటిగా ఆలోచించారంటే ఆ జాబితా రాసినవాళ్లేనని నా అభిప్రాయం.

అదే విమానాశ్రయం బయట లెక్క వేరు. పెద్ద అతిథులు దిగినప్పుడు డప్పులు, కోలాటాలు, కొమ్ముబూరలతో స్వాగతం పలకడం మన ప్రభుత్వాలకు అలవాటు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన వందకు పైగా దేశాల యువతులకూ సంప్రదాయ కళలతోనే స్వాగతం చెప్పారు. తప్పు పట్టడానికేం లేదు. కానీ కర్రసాముకు మన రాష్ట్రంలో చోటు దొరికేది ఈ కోవలోనే: ఊరేగింపు ముందు, దసరా ఊరేగింపులోనో పీర్ల పండుగలోనో, ఫొటో తీసుకోవడానికి వీలుగా. సాయంత్రం ఐదింటికి పిల్లాణ్ణి స్కూటర్ మీద ఎక్కించుకుని దింపివచ్చే శిక్షణల వరుసలో మాత్రం అది ఉండదు. ఎందుకని అడిగితే అందరి నోటా ఒకటే మాట: "అది సంప్రదాయ విద్య కదండీ."

ఈ మాటను రెండు రకాల మనుషులు రెండు రకాలుగా అంటారు. మొదటి రకం పెదవి విరుస్తారు. పాతకాలపు సంగతి, ఇప్పుడెవరికి కావాలి, నిజమైన కొట్లాటలో ఏం పనికొస్తది అంటారు. రెండో రకం దండం పెడతారు. వేల ఏళ్ల నాటిది, ఋషుల కాలం నాటిది, దాని ముందు ఇవన్నీ ఎంత అంటారు. ఇద్దరికీ పడదు, ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. కానీ ఇద్దరూ చేస్తున్న పని ఒకటే. ఇద్దరూ కర్రను బతికున్న విద్యల పద్దు నుంచి కొట్టేస్తున్నారు. ఒకరు చెత్తకుప్ప మీద వేస్తే ఇంకొకరు పూజగదిలో పెడుతున్నారు. రెండు చోట్లా దాన్ని చేతిలోకి తీసుకునేవాడు లేడు.

ముందు వయసు లెక్క తేల్చుకుందాం. శంషాబాద్‌లో ఏ స్కూలు ఆవరణలోనైనా, ఏ అపార్ట్‌మెంటు సెల్లార్లోనైనా సాయంత్రం పూట తెల్ల దుస్తుల్లో పిల్లలు వరుసలు కట్టి నిలబడతారు. మాస్టారు జపనీస్ భాషలో అంకెలు చెబుతుంటే పిడికిళ్లు ముందుకు తోస్తారు. ఆ వరుస, ఆ దుస్తులు, ఆ బెల్టు చూసి తల్లిదండ్రులకు ఏదో ప్రాచీన మఠం కళ్ల ముందు మెదులుతుంది. నిజానికి కరాటే ఒకినావా దీవి నుంచి టోక్యోకు వచ్చి జనం ముందు ప్రదర్శన ఇచ్చింది 1922లో. గిచిన్ ఫునకోషి అనే బడిపంతులు దాన్ని తెచ్చాడు. తెల్ల దుస్తులు, బెల్టులు కరాటేవి కావు, జూడో నుంచి తీసుకున్నవి. జూడో పుట్టింది 1882లో, జిగొరో కానో అనే విద్యావేత్త చేతుల్లో. వరుసల్లో నిలబెట్టి అంకెలతో చేయించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కరాటే బడుల్లోకి వెళ్లినప్పుడు స్థిరపడింది. ఇది డ్రిల్లు మాస్టారి పద్ధతి, మఠం పద్ధతి కాదు.

తైక్వాండోకు ఆ పేరు పెట్టింది 1955లో. దాన్ని స్థాపించిన తొలి గురువుల్లో చాలామంది జపాన్‌లో కరాటే నేర్చుకుని కొరియాకు తిరిగి వచ్చినవాళ్లు. సియోల్‌లో దాని ప్రధాన కేంద్రం కుక్కివాన్ తెరిచింది 1972లో. అంటే మన నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన జరిగిన ఏడాదే తైక్వాండోకు నామకరణం జరిగింది. రెండూ 1955 నాటివే. సాగర్ డ్యామును ప్రాచీన కట్టడం అన్నవాణ్ణి మనం ఎలా చూస్తామో ఆలోచించండి.

ఇక ఆధునికమని మనం ఒప్పుకునేవాటిని చూడండి. బాక్సింగ్ చేతొడుగులతో, మూడు నిమిషాల రౌండ్లతో ఆడే రూపం తీసుకున్నది 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలతో. అంటే కరాటే టోక్యో చేరడానికి యాభై ఐదేళ్లు ముందు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆమెది సంప్రదాయ యుద్ధకళ అని ఒక్క పత్రికా రాయలేదు. కత్తిసాముకు యూరపు పెట్టుకున్న పేరు ఫెన్సింగ్. అది 1896 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఉంది. విల్లు కంటే పాత ఆయుధం ఏముంది? మన విజయవాడ జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది. ఆమె చేతిలో కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లు ఉంది. విల్లుకు కప్పీలు తగిలిస్తే అది ఆధునిక క్రీడ అయింది. కర్రకు నురుగు తొడుగు తగిలించాలని మాత్రం మనకెవరికీ తోచలేదు.

కాబట్టి పాతది, కొత్తది అనే ఈ పంపకం వయసును బట్టి జరిగింది కాదు. మరి దేన్ని బట్టి? నాకు కనిపిస్తున్నది ఇది: ఎవరికి సంఘం ఉందో, నియమాల పుస్తకం ఉందో, సర్టిఫికెట్టు ఉందో, అంతర్జాతీయ సమాఖ్యలో కుర్చీ ఉందో వాళ్లది క్రీడ. ఇవేవీ లేనివాళ్లది సంప్రదాయం. కరాటేవాళ్లు తెలివైనవాళ్లు. క్రీడగా పతకాలకు పోటీ పడతారు, ఫీజుల దగ్గరికి వచ్చేసరికి సంప్రదాయం అంటారు. రెండు చేతులా సంపాదన. కర్రసాముకు ఆ మాట భారమే తప్ప లాభం లేదు.

పెదవి విరిచేవాళ్లు అడిగే అసలు ప్రశ్నకు వద్దాం. కర్రసాము పనికొచ్చేదే అయితే ఎందుకు పోయింది? మంచి విద్య అయితే నిలబడేది కదా? ఈ వాదనలో ఒక మోసం ఉంది. పోటీలో ఓడి పోయిందన్నట్టుగా మాట్లాడతారు. కర్రసాము ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు. దానికి జీతమిచ్చేవాళ్లు పోయారు.

ఆ చరిత్ర తెలుసుకోవడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. పాతబస్తీ నుంచి విమానాశ్రయానికి చాంద్రాయణగుట్ట మీదుగా వస్తే ముందు బార్కస్ తగులుతుంది, తర్వాత పహాడీ షరీఫ్. నిజాం కొలువులో సైనికులుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్సే ఆ బార్కస్. చావుష్‌లని మనవాళ్లు పిలిచే ఆ కుటుంబాల్లో కుస్తీ తరతరాలుగా నడిచింది, పహిల్వాన్లకు ఆ పేట ఇప్పటికీ పేరు. పెళ్లిళ్లలో మర్ఫా వాయిస్తుంటే కర్రలు, బాకులు పట్టుకుని ఆడేదీ వాళ్లే. ఇటు శంషాబాద్ వైపు చూస్తే, ఊరి పేరే పైగా వంశపు అమీర్ల షంసుల్ ఉమ్రా బిరుదు నుంచి వచ్చిందంటారు. నిజాం కోసం సొంత ఖర్చుతో దండును పోషించిన కుటుంబం అది. అంటే ఈ నేల మీద కుస్తీ, కర్ర, కత్తి అన్నవి పండగ వేషాలు కావు, ఉద్యోగ అర్హతలు. తాలింఖానాలో, అంటే సాము నేర్పే వ్యాయామశాలలో, చెమటోడ్చినవాడికి కోట కాపలా, సంస్థానం కొలువు, అమీరు దేవిడీ దగ్గర పహరా దొరికేవి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం ముగిసింది. క్రమబద్ధం కాని ఆ దళాలను రద్దు చేశారు. ఒక్క దెబ్బతో వేలమంది చేతిలో పని పోయింది. కోస్తాలో ఈ కథ అంతకు ముందే మొదలైంది. 1878 నాటి ఆయుధాల చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం జనం దగ్గర ఆయుధాలుండటం మీద గట్టి అదుపు పెట్టింది. కొలువు పోయిన విద్య పండగలోకి వెళ్లి తలదాచుకుంది. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా పేరుతో కత్తులు, కర్రలు తిప్పుతూ వీధుల్లోకి వచ్చే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పండగ దాన్ని బతికించింది, ఒప్పుకుంటాను. అదే పండగ దాని రూపం కూడా మార్చేసింది. ఎదుటివాణ్ణి ఆపడం కంటే చూసేవాళ్ల కళ్లు మెరిపించడం ముఖ్యమైంది.

అంతకుముందు ఈ విద్యలో ఉన్నవాళ్లు తమను తాము పాతవాళ్లమనుకున్నారా? కోడి రామమూర్తి నాయుణ్ణి తలుచుకోండి. వీరఘట్టంలో 1882లో పుట్టి, విజయనగరంలో సాము గరిడీలు నేర్చి, మద్రాసు దగ్గర సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, వచ్చి బడిలో వ్యాయామోపాధ్యాయుడైన మనిషి. తర్వాత సొంత సర్కస్ పెట్టి టిక్కెట్ల మీద దేశదేశాలు తిరిగాడు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నాడు. జనం కలియుగ భీముడన్నారు. ఆయన గరిడీ విద్యను పరిరక్షించడానికి కంకణం కట్టుకున్నవాడు కాదు. అప్పటికి అందుబాటులో ఉన్న అతి కొత్త పద్ధతినీ, అతి పెద్ద వేదికనూ వాడుకున్న పక్కా ఆధునికుడు. జూడో కానోకూ, మన రామమూర్తికీ కాలం ఒకటే. ఒకాయన సంస్థ కట్టి నియమాలు రాశాడు, ఇంకొకాయన సర్కస్ నడిపాడు. తేడా అక్కడుంది, విద్య వయసులో కాదు.

పోనీ, ఈ నేల మీద కర్రతో ఆఖరి నిజమైన అవసరం ఎప్పుడు పడిందో చెప్పండని అడిగితే, తెలంగాణ పల్లెల్లో తాతలను అడగండి. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు గుత్పలు, అంటే దుడ్డుకర్రలు, పట్టుకుని తిరిగేవాళ్లు కాబట్టే జనం దానికి గుత్పల సంఘం అని పేరు పెట్టుకున్నారు. 1946 జులై 4న కడవెండిలో ఆ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు కూలిన రోజు జనం చేతుల్లో ఉన్నవి కర్రలూ వడిసెలలే. అది జానపద కళా ప్రదర్శన అని ఏ దొరా అనుకోలేదు.

తుపాకీ ముందు కర్ర నిలవలేదు కదా అంటారేమో. నిలవలేదు. బాక్సింగ్ నిలుస్తుందా? తైక్వాండో తన్ను నిలుస్తుందా? తుపాకీని కొలబద్దగా తెచ్చినవాడు అన్ని విద్యల మీదా ఆ కొలబద్ద పెట్టాలి, ఒక్క కర్ర మీద కాదు.

అసలు చిత్రం ఇంకొకటుంది. మన రాష్ట్రంలో కర్రను రోజూ వాడే అతి పెద్ద సంస్థ పోలీసు శాఖ. లాఠీ పట్టుకోవడం, తోసుకొచ్చే గుంపును ఆపడం, ఎక్కడ కొట్టాలో ఎక్కడ కొట్టకూడదో చెప్పడం వాళ్ల శిక్షణలో ఒక భాగం. ఏ కలెక్టరూ, ఏ మంత్రీ లాఠీని పాతకాలపు ఆయుధం అనలేదు. కానిస్టేబులు చేతిలో ఉన్న వెదురు శాంతిభద్రతల సామగ్రి, సాము నేర్చిన రైతు చేతిలో ఉన్న వెదురు జానపద కళ. వెదురు అదే, గణుపులు అవే. పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే సంప్రదాయానికీ ఆధునికానికీ గీత గీస్తోంది.

మరింత కడుపు మండే సంగతి చెప్పనా? మన విమానాశ్రయాల కాపలా బాధ్యత సీఐఎస్‌ఎఫ్‌ది. ఆ దళమే ఢిల్లీ మెట్రోలో పనిచేసే తన మహిళా సిబ్బందికి పెకిటి తిర్సియా కాలి అనే విద్యలో శిక్షణ ఇప్పించింది. అదేమిటంటారా? ఫిలిప్పీన్స్ దేశపు విద్య. అందులో ప్రధానమైనవి కర్ర, కత్తి. అక్కడి పల్లెల్లో తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన కుటుంబ విద్య అది. అయినా దాన్ని వ్యూహాత్మక పోరాట శిక్షణ అని పిలుస్తాం, దాని ముందు మన కర్రను సంబరాల కర్రగా నిలబెడతాం. ఫిలిప్పీన్స్ వాళ్లను తప్పు పట్టను, వాళ్లు చేయాల్సిన పని చేశారు. తమ కర్రను ఎదుటివాడి కర్ర మీదికి వదిలారు, తమ దేశపు నౌకాదళ సైనికులకు నేర్పారు, ప్రపంచమంతా శిక్షణాలయాలు పెట్టారు.

ఆ ఎదుటివాడి కర్ర దగ్గరే పెదవి విరిచేవాళ్ల వాదనలో నిజమున్న భాగం ఉంది. దాన్ని దాచిపెడితే నేనూ దండం పెట్టేవాళ్లలో చేరిపోతాను. 2017 ఏప్రిల్‌లో చైనాలో షు షియావోదోంగ్ అనే ఎంఎంఏ (మిశ్రమ యుద్ధకళల) ఆటగాడు తైచీ గురువునని చెప్పుకున్న ఒకాయన్ని అర నిమిషం లోపే నేలకూల్చాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. శంషాబాద్ జిమ్ముల్లో కుర్రాళ్లు ఇప్పటికీ అదే చూపించి, ఇదిగో మీ సంప్రదాయం అంటారు. కానీ ఆ వీడియోలో ఓడిపోయింది వయసు కాదు. జీవితంలో ఎన్నడూ తనను నిజంగా కొట్టబోయే మనిషిని ఎదుర్కోకుండా గురువైపోయిన ఒక మనిషి ఓడిపోయాడు. షు వాడినవి పిడికిలి దెబ్బలే, అవి తైచీ పుస్తకాల కంటే కొత్తవేం కావు.

ఎంఎంఏ చరిత్రే నా పక్షాన సాక్ష్యం చెబుతుంది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ పోటీ జరిగితే గెలిచింది బ్రెజిల్ జియుజిట్సు ఆడిన రాయిస్ గ్రేసీ. ఆ విద్య బ్రెజిల్‌కు 1914లో వెళ్లిన మిత్సుయో మాయెదా అనే జూడో ఆటగాడి ద్వారా వచ్చింది. జూడోకు మూలం జపాన్ పాత జుజుత్సు బడులు. కానో ప్రధానంగా చేసింది కొత్త పట్లు కనిపెట్టడం కాదు. ఉన్న పట్లలోనే ఎదుటివాడు పూర్తి బలంతో అడ్డుకుంటున్నా ప్రమాదం లేకుండా సాధన చేయగలిగినవాటిని ఏరి, రోజూ ఆ పద్ధతిలోనే ఆడించాడు. పట్టు పాతదే, సాధన మారింది. 1964లో జూడో ఒలింపిక్స్‌కు చేరింది.

మన దేశంలో ఈ పనికి నిలువెత్తు ఉదాహరణ కుస్తీ. ఎర్రమట్టి, నూనె, లంగోటా, గదలు. ఇంతకంటే పాతకాలపు వాసన ఏ విద్యకుంది? ఆ మట్టిలో ఆడుతూ పెరిగిన ఖాశాబా జాధవ్ 1952లో హెల్సింకీలో కాంస్యం తెచ్చాడు. స్వతంత్ర భారతదేశానికి అదే మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. కుస్తీని పాతది అని ఎవరూ కొట్టేయలేకపోయారు. కారణం ఒక్కటే, ప్రతి సాయంత్రం తాలింలో ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఒప్పుకోకుండా పెనుగులాడతారు. అక్కడ అబద్ధానికి చోటు లేదు. పడ్డవాడికి పడ్డానని తెలుస్తుంది.

ఇప్పుడు కర్రను ఒక్కసారి దగ్గరగా చూడండి. గణుపులు దగ్గర దగ్గరగా ఉన్న గట్టి వెదురు, నిలబెడితే మనిషి చెవి దాకా వచ్చేది. కింది కొస నుంచి జానెడు వదిలి పట్టుకుంటారు. తిరిగేది భుజం కాదు, మణికట్టు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంటుంది, మోకాళ్లు కొద్దిగా వంగి బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంటుంది. చూపు కర్ర మీద ఉండకూడదు. బాగా తిప్పేవాడి దగ్గర నిలబడితే కర్ర కనిపించదు, గాలి కోసుకుపోతున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఇదంతా మణికట్టుకు, పాదాలకు కసరత్తు. విద్యలో మొదటి పాఠం. రెండో పాఠం జోడీగా నిలబడ్డప్పుడు మొదలవుతుంది. కర్ర పట్టుకున్న ఇద్దరు ఎదురెదురుగా నిలిస్తే అందరికంటే ముందు దొరికేది తల కాదు, నడుమూ కాదు, కర్ర పట్టుకున్న వేళ్లు. ఊరేగింపులో పదేళ్లుగా తిప్పుతున్న కుర్రాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు, అతని వేళ్ల మీద ఎవరూ ఎన్నడూ కొట్టలేదు మరి. మనకు మిగిలింది మొదటి పాఠం, పోగొట్టుకున్నది రెండోది. ఆ రెండోదాన్ని మింగేసింది కాలం కాదు. చప్పట్లు.

దండం పెట్టేవాళ్ల సంగతి తొందరగా తేల్చేస్తాను, వాళ్ల వాదనలో తవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. బోధిధర్ముడు ఇక్కడి నుంచి వెళ్లి షావోలిన్ సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడని, అంచేత ప్రపంచ యుద్ధకళలన్నీ మనవేనని 2011లో వచ్చిన సెవెన్త్ సెన్స్ సినిమా తర్వాత పిల్లలు కూడా చెబుతున్నారు. ఆ కథకు ఆధారమైన చైనా గ్రంథం పదిహేడో శతాబ్దంలో పుట్టిందని, బోధిధర్ముడికి దాన్ని తర్వాత అంటగట్టారని చైనా చరిత్రకారులే 1930ల్లో తేల్చారు. అసలు పాతదని చెప్పుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? పేరిణినే చూడండి. వీరుల నాట్యంగా ఈ రోజు మనం గర్వంగా చూపించే పేరిణి రూపాన్ని నటరాజ రామకృష్ణ గారు ఇరవయ్యో శతాబ్దంలో, జాయప సేనాని నృత్త రత్నావళినీ రామప్ప శిల్పాలనూ ముందు పెట్టుకుని పునర్నిర్మించారు. ఆయన ఆ సంగతి దాచలేదు. దానివల్ల పేరిణి విలువ తగ్గిందా? కొత్తగా కట్టుకున్నదని ఒప్పుకుంటే సంప్రదాయం చిన్నబోదు. కట్టుకోవడం చేతకాక వయసు చెప్పుకుంటేనే చిన్నబోతుంది.

ఇంకొక మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఆత్మరక్షణ శిక్షణ మాట ప్రతి బళ్లోనూ వినిపించింది. కూతుళ్లున్న ప్రతి ఇంట్లో ఆ భయం కూర్చుంది. ఆ భయం మీద పాత విద్యనైనా కొత్త విద్యనైనా హామీగా అమ్మేవాళ్లను నమ్మకండి. నలుగురు మనుషులు, చీకటి, మోసం ఎదురైనప్పుడు ఏ బెల్టూ ఏ కర్రా పూచీ ఇవ్వదు. మంచి శిక్షణ ఇచ్చేది కొంచెం ఊపిరి, కొంచెం వేగం, గట్టిగా అరవగల గొంతు, పరిగెత్తగల కాళ్లు. ఇవి ఎదురు నిలిచే మనిషితో సాధన చేస్తే వస్తాయి, గాల్లో పిడికిళ్లు తోస్తేనో గాల్లో కర్ర తిప్పితేనో రావు.

ఇక ప్రభుత్వం సంగతి. ఖేలో ఇండియా యువజన క్రీడల్లోకి పంజాబు గట్కా వచ్చింది, కేరళ కలరిపయట్టు వచ్చింది, మణిపూర్ థాంగ్-తా వచ్చింది, మల్లఖంబ్ వచ్చింది. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన క్రీడల్లో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా ఆడించారు. తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగాల క్రీడా కోటాలోకీ సిలంబాన్ని చేర్చింది. సిలంబం అంటే ఏమిటి? వెదురు కర్ర. మన కర్రసాముకు ఎంత వయసుందో దానికీ అంతే ఉంటుంది, ఇంకా ఎక్కువే అని వాళ్లంటారు. కానీ వాళ్లు వయసు చెప్పుకుని ఊరుకోలేదు. ఎక్కడ తాకితే ఎన్ని పాయింట్లో రాసుకున్నారు, వయసు వర్గాలు పెట్టుకున్నారు, జిల్లా పోటీలు నడిపారు. మనం రెండు రాష్ట్రాలయ్యాం, రెండు క్రీడా శాఖలు పెట్టుకున్నాం, కర్రసాము మాత్రం రెండు చోట్లా సాంస్కృతిక శాఖ వాకిట్లోనే నిలబడి ఉంది. శాలువా కప్పుతారు, దారి ఖర్చులిస్తారు, పంపిస్తారు. కళాకారుడికి శాలువా మంచిదే. ఆటగాడికి కావాల్సింది మాత్రం ప్రత్యర్థి.

కర్ర తిప్పేవాళ్లలో కొందరు ఇది విని కోప్పడతారని తెలుసు. నియమాలు పెడితే విద్య పలచబడుతుందని, పాయింట్ల కోసం ఆడితే ప్రాణం పోతుందని అంటారు. అందులో కొంత నిజముంది. ఒలింపిక్స్‌కు వెళ్లిన తైక్వాండోలో చేతుల వాడకం ఎంత తగ్గిందో చూశాం. కానీ పలచబడే ప్రమాదం గురించి భయపడాల్సింది ఆడుతున్నవాళ్లు. ఆడనే ఆడని విద్యకు ఆ భయం దేనికి?

శంషాబాద్ తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. మీ పిల్లాణ్ణి ఏ విద్యలో చేర్చినా సరే, అది ఏ దేశానిది, ఎన్ని వేల ఏళ్లది అని అడగకండి. గోడ మీద ఎవరి ఫొటోలున్నాయో చూడకండి. మాస్టారూ, మా వాడు వారానికి ఎన్నిసార్లు ఎదుటి పిల్లాడితో నిజంగా తలపడతాడు, అప్పుడు మీరెక్కడ నిలబడతారు అని అడగండి. సూటిగా జవాబు చెప్పిన చోట చేర్చండి. ఇక వచ్చే దసరాకు మీ ఊరి ఊరేగింపు ముందు కర్ర తిప్పే పెద్దమనిషి కనిపిస్తే ఫొటో తీసి వదిలేయకండి. నురుగు తొడిగిన రెండు కర్రలు, ఫెన్సింగ్‌వాళ్లు పెట్టుకునే ముఖకవచాలు రెండు, దళసరి చేతొడుగులు రెండు జతలు సంపాదించి ఆయన ముందు పెట్టండి. ఇద్దరు కుర్రాళ్లను ఎదురెదురుగా నిలబెట్టమనండి. ఆయనకు రెండో పాఠం గుర్తుందో లేదో ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. గుర్తుంటే, జిల్లా క్రీడాధికారికి అర్జీ ఆ రోజే రాయండి. రాసేటప్పుడు అందులో సంప్రదాయం అనే మాట మాత్రం వాడకండి. వాడితే ఆ అర్జీ మళ్లీ సాంస్కృతిక శాఖకే వెళుతుంది.